మా అమ్మ సవరం

నాకు కుళ్లు ఎక్కువ. ఈ వయసులో దాచుకుని సాధించేదేమీ లేదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. పక్క ఫ్లాటావిడ కరివేపాకు మొక్క నా మొక్క కన్నా గుబురుగా పెరిగితే ఆ పూట నాకు అన్నం సయించదు. అయితే అవన్నీ చిల్లర కుళ్లు, రెండు రోజులకు పోతాయి. పోనిది ఒకటుంది. దాన్ని దాదాపు అరవై ఏళ్లుగా పెంచుకుంటూ వస్తున్నాను.

మొన్న ఒక ఆదివారం నా మనవరాలు కాప్రాలో మా ఇంటికి వచ్చి ఫోను నా ముఖం ముందు పెట్టింది. ఆ పిల్ల భవనాలు కట్టే చదువు చదువుతోంది. పాత గోడ కనిపిస్తే చాలు, ఆవుదూడను నిమిరినట్టు నిమిరే రకం.

"అమ్మమ్మా, చిన్నప్పుడు నువ్వు కార్ఖానా ఏరియాలో ఉన్న అంటవు కదా. అక్కడ ఒక చిన్న ప్యాలెస్ ఉందంట. సండే సండే లోపలికి వెళ్లనిస్తున్నరు. నీకు తెలుసా?"

ఫోనులో ఆకుపచ్చ కిటికీ రెక్కలు, పైన చెక్క బాల్కనీ, గేటు పక్కన రాతి తొట్టి కనిపించాయి. ఆ తొట్టి అంచు మీద కూర్చుని నేను ఎన్ని మధ్యాహ్నాలు కాళ్లూపానో లెక్కలేదు. తెలియదన్నాను. అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకే ఆశ్చర్యమేసింది.

మేము దాన్ని దేవిడి అనేవాళ్లం. రాజుల ఇల్లు అనగానే ఏనుగులు, దర్బారులు ఊహించుకోకండి. ఏదో చిన్న సంస్థానం వాళ్లు పట్నం వచ్చినప్పుడు దిగడానికి కట్టుకున్న ఇల్లు. నేను ఎరిగేనాటికి సంస్థానం పోయింది, ఊళ్లో కోట లాంటి వాళ్ల గడి కూలింది, ఈ ఇల్లు మిగిలింది. కింద ఆరు గదులు, పైన నాలుగు, మధ్యలో మల్లెపందిరి. తలుపు తెరవగానే కలరా ఉండలు, అత్తరు, పాత టేకు చెక్క కలిసిన వాసన వచ్చేది. దాని వెనకే వంటింట్లోంచి బగారన్నం వాసన. మా ఇంట్లో కిరసనాయిలు వాసన, చింతపండు వాసన తప్ప మూడోది ఉండేది కాదు. దేవిడి నుంచి తిరిగొచ్చిన రోజు నా గౌను విప్పనిచ్చేదాన్ని కాదు. వాసన పోతుందని అదే వేసుకుని పడుకునేదాన్ని.

మాకు ఆ ఇంటితో సంబంధం మా అమ్మ చేతుల వల్ల వచ్చింది. అమ్మ పూలజడ కుట్టేది. మా నాన్న మోండా మార్కెట్‌లో ఇనుపసామాన్ల దుకాణంలో పనిచేసేవాడు. మల్లెల కాలంలో పొద్దున్నే మార్కెట్ నుంచి మొగ్గలు తడిగుడ్డలో చుట్టి తెచ్చిపెట్టేవాడు. అమ్మ ఆ మొగ్గల్ని చాప మీద పోసి లావువి, సన్నవి వేరు చేసేది. జడ మొదట్లో లావువి, చివరికి పోతున్న కొద్దీ సన్నవి. మధ్యలో కనకాంబరాలు, మరువం. సూది, దారం తీసుకుని అల్లిన జడ మీదే వరుసలు వరుసలుగా కుట్టేది. వీధిలో పిల్లలందరికీ కుట్టేది. దేవిడిలో మాత్రం ఏటా కుట్టాల్సిందే. అక్కడి దొరసానమ్మ మా అమ్మను పేరుతో పిలిచేది కాదు. "జడల చెల్లె" అనేది. ఆ పిలుపు వినడానికి మా అమ్మ కార్ఖానా ఎండలో చెప్పుల్లేకుండానైనా వెళ్లేది.

దొరసానమ్మకు ఒక కూతురు. నా కన్నా ఏడాది పెద్ద. అందరూ దొరబిడ్డ అనేవాళ్లు, నేనూ అంతే. ఆ పిల్ల జడ చేతికి బరువుగా, నల్లగా, తేమగా ఉండేది. నాది ఎలుక తోక. మా నాన్నమ్మ నన్ను కూర్చోబెట్టి దువ్వుతూ, "నీ జడకు పూలెందుకే, ఒక్క మొగ్గ పెడితే జడ దాని ఎన్క దాక్కుంటది" అనేది.

దేవిడిలో నా పని సూదికి దారం ఎక్కించడం. అమ్మ ఎత్తుపీట మీద, దొరబిడ్డ కింద, నేను పక్కన. అమ్మ ఆ పిల్ల తలను తన మోకాలికి ఆనించుకుని కుట్టేది. దొరబిడ్డను ఆ ఇంట్లో అందరూ మీరు అనాలి. చేతిలో సూది ఉన్నంతసేపు మాత్రం మా అమ్మ ఆమెను బిడ్డా అనేది. ఇంట్లో నన్ను ఏమే అనేది. నాకు దువ్వేటప్పుడు కదిలితే నెత్తిన దువ్వెన పడేది. అక్కడ ఆ పిల్ల కదిలితే, "జెర తల వంచు బిడ్డా, అయిపాయె" అని బతిమాలేది. నేను కావాలని దారానికి ముడులేసి ఇచ్చేదాన్ని. ఆమె కోసం తెచ్చిపెట్టిన మామిడిముక్కలు, అడగకుండానే, ఒక్కొక్కటే లాగించేదాన్ని. ఆమె పళ్లెమే నావైపు జరిపేది. అది ఇంకా మండేది.

ఇప్పుడు సవరం సంగతి చెప్పాలి. మా అమ్మ జుట్టు నడుము దాటి ఉండేది. దువ్వినప్పుడు రాలిన వెంట్రుకల్ని వేలికి చుట్టి, గోడగూట్లో గుడ్డసంచిలో దాచేది. నేను పుట్టిన ఏడు మొదలుపెట్టిందట. నాకు పదేళ్లప్పుడు సవరాలు కట్టే ఆమె వీధిలోకి వస్తే, ఆ సంచి బయటకు తీసింది. ఆమె మా గడప మీద పూటంతా కూర్చుని, చిక్కులు తీసి, పాయలు చేసి, నా నడుము దాకా వచ్చే సవరం కట్టి ఇచ్చింది. అమ్మ దాన్ని నా ఎలుక తోకకు కలిపి అల్లి చూసింది. నాన్నమ్మ కూడా నోరెత్తలేదు.

"పన్నెండో ఏడు రానీ," అంది అమ్మ. "మల్లెలప్పుడు దీంతోని నీకు జడ కుట్టి, స్టుడియోకు తోల్కపోత."

మా రోజుల్లో పూలజడ వేస్తే ఫోటో తీయించుకోవాలి. పిల్లను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, వెనక ఒక అద్దం ఏటవాలుగా పెడతారు. ముఖం ముందు, జడ అద్దంలో. ఆ ఫోటో లేని ఆడపిల్ల మా వీధిలో నేనొక్కదాన్నే. అయినా దిగులు పడలేదు. సవరం ఉంది, అమ్మ మాట ఉంది.

దేవిడిలో ఆ ఫోటో ఇంకా పెద్ద వ్యవహారం. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి ఆడపిల్లకూ పన్నెండో ఏట జడ ఫోటో తీసి హాల్లో గోడకు తగిలించాలి. అది వాళ్ల వంశాచారం. వరసగా మేనత్తలు, మేనత్తల మేనత్తలు, అందరూ అద్దాల్లో జడలు చూపిస్తూ. చివర్లో ఫోటోలు రాకముందు వేయించిన రంగుల బొమ్మ ఒకటి. అది ఆ ఇంటికి కోడలిగా వచ్చిన పెద్దదొర తల్లిది, ఆచారం ఆమెతోనే మొదలైందట, జడ మడమల దాకా ఉంటుంది. పెద్దదొర అంటే దొరబిడ్డ తాత. ధోవతి కట్టి, చేతికర్ర పట్టుకుని, ఎవరొచ్చినా ఆ గోడ ముందు నిలబెట్టి, "మాకు రాజ్యం పోయింది గని జుట్టు పోలే" అనేవాడు. అప్పటికే ఆయన కళ్లకు పొరలు కమ్మి, మనుషుల్ని గొంతును బట్టి పోల్చుకునేవాడు. చూపు పూర్తిగా పోకముందే మనవరాలి ఫోటో గోడకెక్కాలని పట్టు పట్టాడు.

ఆ చలికాలంలోనే దొరబిడ్డకు టైఫాయిడ్ వచ్చింది. బతికింది గాని జుట్టంతా ఊడిపోయింది. మెడ దాకా పిలక మిగిలింది. వినగానే నేను గుడ్డతో నోరు మూసుకుని నవ్వాను. దేవుడున్నాడనుకున్నాను. ఇంత నీచం మీకు చెప్పుకోవడం ఎందుకంటే, ఆ తర్వాత జరిగింది దానికి శిక్షేమో అని చాలా ఏళ్లు అనుకున్నాను.

మల్లెలు వచ్చాయి. దొరసానమ్మ తానే రిక్షా ఎక్కి మా ఇంటికి వచ్చింది. అంతకు ముందెప్పుడూ రాలేదు. మా చాప మీద కూర్చుని, మా గ్లాసులో నీళ్లు తాగి, ముసలాయన చూపు ఈ ఎండాకాలం దాటేట్టు లేదని, పిల్ల జుట్టు ఊడిన సంగతి ఆయనకు చెప్పలేదని, ఎట్లాగైనా గట్టెక్కించమని మా అమ్మను అడిగింది. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గూట్లోంచి నా సవరం తీసి ఆమె ఒడిలో పెట్టింది.

నేను ఏడ్చాను, కాళ్లు తన్నుకున్నాను. అమ్మ ఒకటే మాట అంది, ఒక్క దినం కట్టుకుంటే అరిగిపోతదా అని. అరుగుతుంది. నాకు తెలుసు. మా అమ్మ వెంట్రుకలు, నా కోసం ఒక్కొక్కటి కూడబెట్టినవి, ఆ పిల్ల వీపు మీద వేలాడితే నాకు అరుగుతుంది.

ఆ రోజు కూడా సూదికి దారం నేనే ఎక్కించాను. అమ్మ అంత అందమైన జడ ఎప్పుడూ కుట్టలేదు. సవరం ఎక్కడ మొదలైందో కళ్లున్నవాడు కూడా చెప్పలేడు. ఫోటో తీసే ఆయన నల్లగుడ్డ కప్పుకుని, బేగం లాగ కూర్చోమని దొరబిడ్డను నవ్వించి ఫోటో తీశాడు. అందరికీ గాజుగిన్నెల్లో ఖుబానీ కా మీఠా ఇచ్చారు. నేను రెండు గిన్నెలు తిన్నాను, కోపంతో. తర్వాత దొరబిడ్డను పెద్దదొర దగ్గరికి దీవెనకు తీసుకెళ్లారు.

ఆయన కుర్చీలోంచి ముందుకు వంగి, మనవరాలి తల మీద చెయ్యి వేసి, మెల్లగా జడ మీదికి జరిపాడు. మల్లెల కిందకు వేళ్లు దూర్చి వెంట్రుకలు తడిమాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇది మా అమ్మ జడ," అన్నాడు. "అదే బరువు. ఈ ఇంటి జడ పోలే."

నేను ఎవరి వెనక నిలబడ్డానో కూడా గుర్తులేదు. గొంతు మాత్రం నాదే.

"అది మీ అమ్మది కాదు. మా అమ్మది. సవరం."

పెద్దదొర చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ చేతిని ధోవతికి తుడుచుకున్నాడు. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు, అరచెయ్యి, వేళ్లు. "ఎవరివో రాలిన ఎంటికెలు తెచ్చి నా మనుమరాలి నెత్తికి కడ్తరా," అని, కర్ర తడుముకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. దొరబిడ్డ ఏడుపు లంకించుకుంది. మా అమ్మ తల దించుకుని నేల మీద రాలిన మొగ్గల్ని ఏరింది. ఏరాల్సిన పని లేదు, అయినా అన్నీ ఏరింది.

దారిలో అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. మర్నాడు దేవిడి నుంచి సవరం కొత్తగుడ్డలో చుట్టి, జాకెట్టు ముక్కతో పంపించారు. అమ్మ సూదుల డబ్బా అటక ఎక్కించింది. వీధిలో ఎవరొచ్చి అడిగినా కళ్లు ఆనడం లేదని పంపించేసింది. తర్వాతి ఏడు నాకు పన్నెండు వచ్చాయి. అమ్మ మాట తప్పలేదు. ఒక పొద్దున అటక మీంచి డబ్బా దింపి, సవరం దులిపి, కూర్చోమంది. "ఆ పిల్ల కట్టుకున్న ఎంగిలి సవరం నాకొద్దు," అన్నాను. అమ్మ ఇంకోసారి అడగలేదు.

నాకు జడ ఫోటో లేదు. దానికి నేను బాధపడ్డాననుకోకండి. లోలోపల గర్వపడ్డాను. నా మూలంగానే అమ్మ సూది పక్కన పెట్టింది. దేవిడి గడప మళ్లీ తొక్కలేదు. దొరసానమ్మ, దొరబిడ్డ, అత్తరు వాసన ఒకవైపు, నేనొక్కదాన్ని ఒకవైపు నిలబడితే, అమ్మ నావైపు వచ్చింది. నా బతుకులో నేను గెలిచినవి ఎక్కువ లేవు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, అమ్మ పోయి కూడా చాలా ఏళ్లయింది. ఆ గెలుపు మాత్రం నా దగ్గర భద్రంగా ఉంది.

మనవరాలు ఊరుకోలేదు, ఆ తర్వాతి ఆదివారం తీసుకెళ్లింది. గేటు దగ్గర చేతికి కాగితపు పట్టీ కట్టారు. మాతో పాటు ఇంకో పదిమంది దాకా ఉన్నారు, అందరూ కుర్రవాళ్లే. నేను కొత్త చోటికి వచ్చినట్టు అన్నీ కళ్లు పెద్దవి చేసి చూశాను. ఇల్లు చిన్నదైపోయింది. కలరా ఉండల వాసన లేదు, వార్నిషు వాసన వస్తోంది. మల్లెపందిరి చోట కాఫీ బల్లలు వేశారు.

చూపించడానికి వచ్చినావిడ ఖద్దరు చీర కట్టుకుంది. తెల్లని జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుంది. పళ్లెం నావైపు జరిపిన చెయ్యి వెంటనే గుర్తుపట్టాను. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. హాల్లోకి తీసుకెళ్లి గోడ చూపించింది. మేనత్తలు, మేనత్తల మేనత్తలు, రంగుల బొమ్మ, అన్నీ ఉన్నాయి. ఈ చివర దొరబిడ్డ ఫోటో.

ఇప్పుడు 'మా వంశం జుట్టు' అంటుంది చూడు, అనుకుని పళ్లు బిగబట్టాను.

"ఇది నేను," అంది ఆమె. "కానీ ఈ జడ నాది కాదు. మా ఎనక గల్లీల ఒక అమ్మ ఉండె. ఇవి ఆమె ఎంటికెలు, ఈ పూలు ఆమె కుట్టినవి. మా తాతకు కోపమొచ్చి దీన్ని గోడకు పెట్టనియ్యలే. ఆయన పోయినంక నేనే పెట్టిన. ఈ గోడ మీద అన్నిటికన్న మంచి జడ ఇదే."

పిల్లలు ఫోన్లు ఎత్తి ఫోటోలు తీసుకున్నారు. ఇన్నేళ్లుగా నేను ఎవరితో పోట్లాడుతున్నానో ఆమె నాకు పోట్లాడే అవకాశమే ఇవ్వలేదు. ఉక్రోషం ఆపుకోలేక అడిగాను.

"ఆ తర్వాత ఆమె మీ ఇంటికి రాలేదు కదా."

ఆమె నావైపు తిరిగింది. "ఎందుకు రాలే? తాత ఆ వానకాలంల్నే పోయిండు. తెల్లారి ఏడు, ఆపై ఏడు, రెండు ఎండకాలాలు వచ్చి కుట్టింది. నా జుట్టు మళ్ల పెరిగింది కదా." తర్వాత కొంచెం నవ్వింది. "దొంగతనంగ వచ్చేది పాపం. కూరగాయలకని చెప్పి వచ్చేది. నా బిడ్డ ఉడుకుబోతుది, ఆమెకు తెల్వనియ్యకుండ్రి, అని మా అమ్మతోని ఒట్టు పెట్టిచ్చుకుంది."

మా మనవరాలు నా ముఖం చూసి, ఏమైంది అమ్మమ్మా అని నా మోచెయ్యి పట్టుకుంది. దొరబిడ్డ నా ముఖంలోకి ఇంకాస్త దగ్గరగా చూసింది.

"ఆ ఉడుకుబోతు నువ్వేనా?" అంది. నేను తలూపాను.

ఆ రెండు ఎండాకాలాలు నాకు బాగా గుర్తే. అమ్మ మోండాకు వెళ్లి పొద్దెక్కాక వచ్చేది. సంచిలో రెండు సొరకాయలు మాత్రం ఉండేవి. ఇంతసేపూ ఏం చేశావే అని నాన్నమ్మ అడిగితే, మార్కెట్ కిటకిటలాడుతోందనేది. వచ్చిన రోజు పాట పాడుకుంటూ చారు పెట్టేది. సూది వదిలేసినా అమ్మ సంతోషంగానే ఉందని నేను మురిసిపోయేదాన్ని.

మిగతావాళ్లను కాఫీకి పంపి, ఆమె మమ్మల్ని పైగదికి తీసుకెళ్లింది. బీరువాలోంచి ఒక ఆల్బమ్ తీసింది. ఆ రెండేళ్ల ఫోటోలు అందులో ఉన్నాయి. ఒకదాంట్లో దొరబిడ్డ ముక్కాలిపీట మీద కూర్చుని పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. వెనక అద్దంలో జడ ఉంది. అద్దం కాస్త ఎక్కువ వాలినట్టుంది, కెమెరా పక్కన నిలబడ్డ మనిషి కూడా అందులో పడింది. మా అమ్మ. నడుము వంచి, ఒక చేత్తో లేని కర్ర పట్టుకున్నట్టు అభినయిస్తూ, ఇంకో అరచెయ్యి కొంగుకు తుడుచుకుంటూ, నోరంతా తెరిచి నవ్వుతోంది.

"మా తాత లెక్క చేసి చూపిచ్చేది," అంది దొరబిడ్డ. "చెయ్యి తుడుసుకునుడు, కర్ర తడుముకునుడు. మేమిద్దరం కడుపు పట్టుకుని నవ్వేది. మీ ఇంట్ల సుత చేసేదా?"

చేసేదని చెప్పాను. అది ఆ నెలలో నా రెండో అబద్ధం. ఆ చెయ్యి తుడుచుకోవడాన్ని నేను అరవై ఏళ్లు గుండెల మీద మోశాను. అమ్మ పరువు నా నోటి వల్ల పోయిందని, అమ్మ అందుకే సూది వదిలేసిందని. అమ్మ దాన్ని ఏడాదిలోనే ఆట చేసేసింది. ఆ ఆట నాకు చూపించలేదు. చూపించాల్సినవాళ్లకు చూపించింది. మా ఇంట్లో మా అమ్మ అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. ఉడుకుబోతు పిల్ల ముందు ఎవరు మాత్రం నవ్వుతారు.

మీ అమ్మ మళ్లీ తెచ్చి ఇచ్చిన సవరం కూడా ఇక్కడే ఉంది, తీసుకెళ్తావా అని ఆమె అడిగింది. నిజంగానే అడిగింది, మర్యాదకు కాదు. నాకు ఆ ఫోటో నకలు చాలన్నాను. మనవరాలు అక్కడే ఫోనులోకి ఎక్కించుకుని, రెండు రోజుల్లో పెద్దదిగా అచ్చు వేయించి ఇచ్చింది.

మా అమ్మకు వయసులో ఉన్న ఫోటో ఇంకొకటి లేదు. ఫ్రేములు కట్టే ఆయన దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్లాను. అద్దంలో ఉన్నావిడను మాత్రమే ఉంచి, ముందు కూర్చున్న పిల్లను కోసేయమన్నాను. ఆయన కంప్యూటర్లో అటూ ఇటూ జరిపి చూశాడు. ఈ పిల్ల భుజం ఆవిడ గడ్డానికి అడ్డమొస్తోందమ్మా, ఈమెను తీసేస్తే ఆవిడ నోరు పోతుంది, నవ్వు కనపడదు, అన్నాడు. చాలాసేపు ఆలోచించాను. ఆయన కస్టమర్లు ఇద్దరు వచ్చి వెళ్లారు. చివరికి అలాగే కట్టేయమన్నాను.

ఇప్పుడది మా హాల్లో ఉంది. మా అమ్మ ఆ నవ్వు నన్ను చూసి నవ్వలేదు. అది చూడాలంటే దొరబిడ్డ ముఖం కూడా చూడాల్సిందే. రోజూ చూస్తున్నాను.